పై కనుమకు కావలసినవి

బస్సు ఆగే చోటు నుంచి కొండవైపు వెళ్ళే వీధిలో, చివరి నుంచి రెండో కొట్టు ఆవిడది. కొండలెక్కేవాళ్ళకు కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. బూట్లు, గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, వాన జాకెట్లు, చేతికర్రలు, తాళ్ళు. కొన్ని అమ్మకానికి, కొన్ని అద్దెకు. ఊళ్ళో అందరూ ఆవిడను షాపక్క అంటారు. నలభై దాటిన మనిషి. ఆ కొట్టు ఆవిడ పెట్టింది కాదు, భర్త పెట్టింది. ఆయన గైడు కూడా. మూడేళ్ళ కిందట, సీజను అయిపోయాక, పై కనుమ వైపు ఒంటరిగా వెళ్ళిన ఒక కస్టమరును వెనక్కి తీసుకొస్తానని బయలుదేరాడు. ఆ ఇద్దరిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వెతికినవాళ్ళకు మనుషులు కాదు కదా, చేతికర్ర ముక్క కూడా కనిపించలేదు.

అప్పటి నుంచి షాపక్క బతుకు ఎటూ కాకుండా నిలిచిపోయింది. పోయాడని ఏడవడానికి లేదు, వస్తాడని ఎదురుచూడడానికి లేదు. ఇంటి గుమ్మం పక్కన ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి. తీసేద్దామని కోడలూ అనలేదు, ఉంచుదామని అత్తగారూ అనలేదు. ఊడ్చేటప్పుడు మాత్రం ఇద్దరిలో ఎవరైనా సరే వాటిని ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళు.

ఇంతమందికి సరుకు అమర్చి పంపిన షాపక్క జన్మలో కొండెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన రమ్మంటే, "నాకు కళ్ళు తిరుగుతాయి బాబూ" అని తప్పించుకుంది. తర్వాత ఆయన అడగడం మానేశాడు. ఆవిడకు తెలిసిందంతా విని నేర్చుకున్నదే. ఆయన కస్టమర్లతో మాట్లాడుతుంటే పక్కన బూట్లు సర్దుతూ వినేది. ఎవరొచ్చినా ఆయన ముందు సరుకు తీసేవాడు కాదు. ఎక్కడికి, ఎన్నాళ్ళకు, ఇంతకుముందు ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగేవాడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి సరస్సు చూసొచ్చేవాళ్ళకు తేలిక బూట్లు ఇచ్చి పంపేసేవాడు. మూట మోస్తూ రాళ్ళ దారిలో నడిచేవాళ్ళకు చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు. మంచు మీదికి వెళ్ళేవాళ్ళయితే కూర్చోబెట్టి టీ ఇప్పించి, వాళ్ళు చెప్పే కబుర్లలో నిజమెంతో తేల్చుకున్నాకే అల్మారా తాళం తీసేవాడు.

ఆయన కనిపించకుండా పోయాక ఆ మాటలే ఆవిడకు వినపడడం మొదలైంది. గుర్తుకు రావడం కాదు, వినపడడం. కస్టమరు కాలు చాపగానే కుడి భుజం వెనక నుంచి, 'ముందు మందం మేజోళ్ళు వేయించు' అని. ఎవరైనా సంచి భుజానికి తగిలించుకోగానే, 'బరువు భుజాల మీద కాదు, నడుం మీద పడాలి, కింది పట్టీ బిగించు' అని. వెనక్కి తిరిగితే గోడకు వేలాడే తాళ్ళు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఉండబట్టలేక అత్తగారికి చెప్పింది.

అత్తగారు కొట్టు వెనక గదిలో కూర్చుని తెగిన పట్టీలు, చిరిగిన గుడారాలు, ఊడిన జిప్పులు బాగుచేస్తూ ఉంటుంది. మోకాళ్ళు పట్టేశాయి కానీ నోరు మాత్రం ఎక్కడా పట్టేయలేదు. కోడలు చెప్పింది విని, కుట్టుమిషను ఆపకుండానే, "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడు అన్ని మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. కొట్టులోనైనా మాట్లాడనీ" అంది.

సీజను చివర్లో ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. భుజానికి ఆఫీసు బ్యాగు, కాళ్ళకు కాన్వాసు బూట్లు.

"పై కనుమకు వెళ్ళడానికి ఏమేం కావాలో అన్నీ ఇవ్వండి" అంది.

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు."

"ఇంతకుముందు వెళ్ళావా?"

"చాలాసార్లు."

షాపక్క ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి బూట్లు విప్పించింది. 'చాలాసార్లు వెళ్ళిన కాలు కాదిది' అని భుజం వెనక నుంచి వినపడింది. నిజమే, మడమ పసిపిల్ల బుగ్గలా ఉంది. కొట్టులో ఏటవాలుగా బిగించిన చెక్క ఒకటి ఉంటుంది. కొత్త బూట్లతో దాని మీద నుంచి దిగితే వేళ్ళు ముందుకు పోయి తగులుతున్నాయో లేదో తెలిసిపోతుంది. దిగి చూడమంటే ఆ పిల్ల తీగ మీద నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి నిలబడింది.

"చూడమ్మా, సరస్సు దాకా వెళ్ళిరా. బాగుంటుంది. దానికి నీ కాన్వాసు బూట్లయినా పర్వాలేదు, ఒక వాన జాకెట్ తీసుకో చాలు."

"సరస్సు కాదండీ. పై కనుమ." అమ్మాయి ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. "ఇందులో ఉన్నవన్నీ కావాలి. ఇవే కావాలి."

ఫోటోలో ఇదే కొట్టు, ఇదే గుమ్మం. కొత్త బూట్లు, ఎర్ర జాకెట్, పెద్ద సంచితో ఒక పెద్దమనిషి నవ్వుతూ నిలబడ్డాడు. పక్కన ఒంగి ఆయన నడుం పట్టీ బిగిస్తున్న మనిషి మొహం సగమే కనిపిస్తోంది. ఆ సగం చాలు.

"మా నాన్న" అంది అమ్మాయి, పెద్దమనిషిని చూపిస్తూ.

షాపక్కకు మూడేళ్ళ కిందటి ఆ సాయంత్రం కళ్ళకు కట్టింది. అన్నం ముందు కూర్చుని భర్త అన్న మాటలు కూడా. "ఆ పెద్దమనిషికి బూట్లు కొత్త, నడక కొత్త, మాటలే పాతవి. వద్దంటే తలూపాడు కానీ వినేట్టు లేడు." మర్నాడు ఆ మనిషి తెల్లారకముందే వెళ్ళిపోయాడని తెలిసి, సగం తాగిన టీ గ్లాసు కిటికీలో పెట్టి ఈయన బయలుదేరాడు.

ఇప్పుడు భుజం వెనక నుంచి ఏ మాటా రాలేదు.

"కొట్టు మూసేస్తున్నాం" అంది షాపక్క.

"ఇంకా ఎండ కూడా పోలేదు కదండీ."

"నా కొట్టు, నా ఇష్టం."

అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. తన బూట్లు తనే తొడుక్కుని, లేసులు కట్టుకోకుండానే వెళ్ళిపోయింది. వెనక గదిలో మిషను ఎప్పుడో ఆగిపోయింది.

"ఆ పిల్లేం చేసిందే?" అని లోపలి నుంచి అత్తగారు అడిగింది.

"వాళ్ళ నాన్న కోసమే కదత్తయ్యా, మీ అబ్బాయి..."

"నా కొడుకు ఎవరి కోసం వెళ్ళాడో నాకు తెలీదా? నువ్వు మళ్ళీ చెప్పి గుచ్చక్కర్లేదు." మళ్ళీ మిషను తిప్పుతూ, "ఆ పిల్లకి మాత్రం ఎవరున్నారు" అంది.

మర్నాడు పొద్దున షాపక్క కొట్టు తలుపులు తీస్తుండగా ఆ అమ్మాయి ఎదురుగా నడుచుకుంటూ కొండవైపు పోతోంది. రాత్రికి రాత్రి ఇంకో కొట్టువాళ్ళెవరో తమ దగ్గరున్న సరుకంతా అంటగట్టారు. తల దాటి పైకి లేచిన సంచి అడుగడుక్కీ మెడకు కొట్టుకుంటోంది. బరువంతా భుజాల మీదే. సంచి పక్కన, మంచు మీద నడవడానికి బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళు గలగలలాడుతున్నాయి. కింద మాత్రం నూలు ప్యాంటు. తడిస్తే ఒంటికి అతుక్కుని ఎముకల్లోకి చలి దింపే ప్యాంటు.

షాపక్క తాళంచెవి పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"పిలుస్తావా, నన్ను వెళ్ళమంటావా?" అత్తగారు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది. కోడలు కదలకపోయేసరికి నిజంగానే వీధిలోకి దిగింది. చెప్పులు కూడా లేవు. ఆ మోకాళ్ళతో రెండడుగులు వేయడానికే ఒళ్ళంతా ఊగుతోంది.

"మీరాగండి, మహాతల్లీ!" అని షాపక్క పరుగెత్తింది.

వీధి అయిపోయి కాలిబాట మొదలయ్యే చోట అమ్మాయిని అందుకుంది.

"ఆ సంచి దించు."

"మీ కొట్టు మూసేశారుగా."

"తెరిచాను. పద."

ఆ రోజంతా కొట్టులోనే గడిచింది. అత్తగారు తాబేలు మామను పిలిపించింది. ఆయన ముసలి గైడు, మెల్లగా నడుస్తాడని ఆ పేరు. నలభై ఏళ్ళుగా ఆ కొండల్లో తిరుగుతూ ఒక్క వేలు కూడా పోగొట్టుకోలేదు. విషయం విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మొదటి రోజు గొర్రెల గుడిసె దాకా. రెండో రోజు బల్లపరుపు దాకా. అక్కడి నుంచి కనుమ ఎదురుగా కనిపిస్తుంది. చూడు, దండం పెట్టుకో, వెనక్కి తిరుగు. ఆ పైకి దేవుడొచ్చి పిలిచినా నేను రాను. సరేనా?"

అమ్మాయి సరేనంది. తర్వాత తల వంచుకుని, "నేనెప్పుడూ కొండెక్కలేదండీ. నాన్న కూడా ఎక్కలేదు. మేడ మెట్లెక్కితేనే ఆయాసపడేవాడు" అంది.

"నిన్ననే తెలిసింది లేమ్మా" అంది షాపక్క. ఈసారి గొంతులో కోపం లేదు.

ఫోటోలోవి ఒక్కటీ ఇవ్వలేదు. కొత్త బూట్లకు బదులు, ఎవరెవరో వాడి మెత్తబడిన అద్దె బూట్లు ఇచ్చింది. కొత్త కాళ్ళకు కొత్త బూట్లు తొడిగితే మొదటి రోజే బొబ్బలెక్కుతాయి. ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగు అరచేతిలో పట్టేంత అవుతుంది, గుప్పెడు బరువు ఉండదు, కానీ తడిసిందంటే తడిసిన కోడే. దాన్ని పొడిగా కాపాడుకోవడం అలవాటైనవాళ్ళకే అది. ఈ పిల్లకు బరువైన సింథటిక్ బ్యాగు ఇచ్చింది. తడిసినా కాస్తో కూస్తో వెచ్చగా ఉంచుతుంది. నూలు ప్యాంటు తీసేయించింది. ఇనుప ముళ్ళు తాబేలు మామ తీసి బల్ల కింద పడేశాడు. "తెలిసినవాడికి ఇవి మంచులో దిగుతాయి. తెలియనివాడికి సొంత పిక్కలో దిగుతాయి."

ఆ తర్వాత షాపక్క తనే బల్ల మీద కూర్చుని కాలు చాపింది.

"మీరు కూడానా?" అంది అమ్మాయి.

అత్తగారు కిందికి ఒంగలేక ఒంగి, కోడలి పాదం ఒళ్ళో పెట్టుకుని కొలత చూసింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి కాళ్ళకూ బూట్లు తొడిగిన మనిషి, సొంత కొట్టులో బూటు తొడుక్కోవడం అదే మొదటిసారి. తొడుక్కుంటూ చెవి ఒగ్గి వింది. భుజం వెనక నుంచి ఏదైనా వస్తుందేమోనని. రాలేదు. ఏటవాలు చెక్క మీద నుంచి తనే దిగి చూసుకుంది, వేళ్ళు తగిలాయి, ఒక సైజు పెద్దవి తనే తీసుకుంది.

నడక ఆవిడ భయపడ్డట్టు లేదు. కళ్ళు తిరగలేదు. తాబేలు మామ వెనక నడవడమంటే నిలబడి ఉన్నట్టే. కింద కొట్టు రేకులు చిన్నగా మెరుస్తూ కనిపించినప్పుడు మాత్రం ఆవిడ ఆగింది. ఆయన ప్రతిసారీ ఇక్కడ ఆగి వెనక్కి చూసే ఉంటాడు. ఇంటికొచ్చి ఒక్కనాడూ చెప్పలేదు. తనూ అడగలేదు.

గొర్రెల గుడిసెలో ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయారు. పొద్దున టీ తాగుతుంటే అమ్మాయి మెల్లగా చెప్పింది.

"అమ్మ పోయాక నాన్న కొన్నాళ్ళు బాగానే ఉన్నాడండీ. తర్వాత ఒకసారి ఫోన్ చేసి, మీ అమ్మ పిలుస్తోందే, అన్నాడు. నేను నవ్వేశాను. ఎక్కడి నుంచి అంటే, కొండల్లోంచి అన్నాడు. వాళ్ళిద్దరూ పెళ్ళయిన కొత్తలో ఆ సరస్సు దాకా మాత్రం వచ్చారట. అందుకే అలా అనిపిస్తోందిలే అనుకున్నాను."

"మరి నువ్వెందుకొచ్చావు?"

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "ఈమధ్య నాన్న నన్ను పిలుస్తున్నాడు" అంది.

తాబేలు మామ మిగిలిన టీ నేల మీద పారబోసి లేచాడు. "వెనక్కి పోదామా?" అని షాపక్కను అడిగాడు. ఆవిడ అమ్మాయి మొహం చూసింది. ఇప్పుడు వెనక్కి లాక్కుపోతే ఈ పిల్ల రేపో ఎల్లుండో ఒక్కత్తే వస్తుంది. "బల్లపరుపు దాకా వెళ్ళొద్దాం మామా. అనుకున్నంతే" అంది.

ఎండ బాగా ఎక్కేసరికి బల్లపరుపు చేరారు. పెద్ద రాతి మైదానం. అక్కడక్కడా పాత మంచు. ఎదురుగా రెండు శిఖరాల మధ్య పై కనుమ కత్తితో కోసినట్టు ఉంది. దండం పెట్టుకోవడానికి అమ్మాయి చేతులు జోడిస్తుండగానే ఒక పక్క నుంచి పొగమంచు పాకుతూ వచ్చింది. తాబేలు మామ మొహం మారింది. "వెనక దారిలో గుర్తురాళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూసొస్తాను. మీరు ఈ బండ పక్కనే కూర్చోండి. విజిల్ ఊదుతుంటాను, మీరూ ఊదండి. విజిల్ ఒక్కటే. మాటా పలుకూ వద్దు" అని వెళ్ళాడు.

ఆయన పదడుగులు వేశాడో లేదో మాయమైపోయాడు. తర్వాత బండ కూడా సగం మాయమైంది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించడం లేదు. ఎక్కడో ఎడమ పక్క నుంచి మామ విజిల్ ఒకసారి వినపడింది. షాపక్క మెడలోని విజిల్ అందుకుని ఊదింది.

అప్పుడు అమ్మాయి లేచి నిలబడింది.

"నాన్న" అంది.

"కూర్చో."

"వినపడడం లేదా మీకు? నాన్నే. అటు." చెయ్యి కుడివైపు చూపించింది.

షాపక్కకు ఏమీ వినపడలేదు. అమ్మాయి సంచి పట్టీ దొరకబుచ్చుకుని, "ఏమీ లేదమ్మా, కూర్చో" అని లాగింది. ఆ లాగడంలో తనే లేచి నిలబడింది.

"ఏమోయ్."

ఆయన గొంతే. ఇంట్లో తువ్వాలు అడిగేటప్పుడు పిలిచినట్టే, చివర్లో ఆ కాస్త నవ్వుతో సహా.

"ఏమోయ్, ఇటు రా. ఇక్కడే ఉన్నాను. దగ్గరే."

ఆవిడ కాళ్ళు వాటంతటవే కదిలాయి. రెండడుగులు వేసింది, మూడు. అమ్మాయి ముందు, తను వెనక. పట్టీ ఇంకా చేతిలోనే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళు. అరిచి పలుకుదామని నోరు తెరిచింది.

గొంతు మళ్ళీ వచ్చింది. "రా."

ఆ మాట దగ్గర షాపక్క ఆగిపోయింది.

పొగమంచు సంగతి ఆయన కొండెక్కే ప్రతి మనిషికీ కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. పొగమంచు కమ్మితే ఉన్నచోటే చతికిలబడు. పేరు పెట్టి పిలిచినా లేవకు. వెతికేవాడు నీ దగ్గరికి వస్తాడు, నువ్వు వాడి దగ్గరికి పోకు. కొన్ని వందలసార్లు విన్న మాట. ఆయన ఇక్కడే ఉంటే, ఏ రూపంలో ఉన్నా సరే, ఈ పొగమంచులో తనను 'రా' అని పిలవడు. పైగా మూడేళ్ళుగా ఆయన మాట వెనక నుంచి వచ్చేది, తోడుగా వెన్నంటి ఉన్నట్టు. ఇది ముందు నుంచి వస్తోంది.

షాపక్క ఉన్నపళంగా నేల మీద కూలబడింది. పట్టీ వదల్లేదు. అమ్మాయి వెనక్కి పడింది.

"వదలండి! పిలుస్తున్నాడు! వదలండక్కా!"

అమ్మాయి గింజుకుంది, కాళ్ళతో తన్నింది, ఆవిడ ముంజేతి మీద గోళ్ళతో రక్కింది. షాపక్క తన నడుం పట్టీ విప్పి, ఆ పిల్ల సంచి పట్టీలోంచి దూర్చి, రెండూ కలిపి బిగించేసింది. ఇక లాగితే ఇద్దరూ కలిసే పోవాలి. "నాకూ వినపడుతోందే పిచ్చిదానా! మా ఆయన పిలుస్తున్నాడు. నేను లేవడం లేదు చూడు. నేను లేవను, నువ్వూ లేవకు" అని ఆ పిల్ల తలను గుండెకు అదుముకుంది.

గొంతులు ఆగలేదు. ఒకసారి ఆయనది, ఒకసారి ఆవిడ ఎరగని ఒక పెద్దమనిషిది. ఇప్పుడు రెండూ ఇద్దరికీ వినపడుతున్నాయి. కోపం లేదు, తొందర లేదు. పొద్దుపోయింది అన్నానికి రమ్మన్నంత మామూలుగా పిలుస్తున్నాయి. తర్వాత మూడో గొంతు వచ్చింది. ఆడగొంతు.

అమ్మాయి గింజుకోవడం మానేసింది.

"అది అమ్మ" అంది. మళ్ళీ తనే, "అమ్మ ఇక్కడెందుకుంటుంది? అమ్మ ఆస్పత్రిలో పోయింది. నా ఒళ్ళోనే పోయింది" అంది. షాపక్క జాకెట్‌లో మొహం దాచుకుని, "నాన్న వెళ్ళింది దీని కోసమేనా?" అని అడిగింది.

షాపక్క విజిల్ తీసి ఊదింది. ఎడమ పక్క నుంచి, దూరంగా, మామ విజిల్ పలికింది. మళ్ళీ ఊదింది. అమ్మాయి కూడా తన విజిల్ అందుకుంది. వాన జాకెట్లు తల మీదికి లాక్కుని, ఒకరినొకరు కరుచుకుని, పెదాలు మొద్దుబారేదాకా ఊదుతూనే ఉన్నారు. ఎంతసేపో తెలియదు. ఎడమ పక్క విజిల్ దగ్గరవుతూ వచ్చింది. చివరికి ఒక బరువైన చెయ్యి షాపక్క భుజం మీద పడింది. మామ వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. ఆయన వచ్చాక గొంతులు వినపడలేదు.

పొగమంచు ఎలా వచ్చిందో అలాగే పోయింది. అప్పుడు చూశారు. వాళ్ళు కూర్చున్న చోటికి నాలుగు బారల దూరంలో నేల తెగిపోయింది. కింద నల్లటి లోయ.

తాబేలు మామ బోర్లా పడుకుని అంచు మీద నుంచి కిందికి తొంగిచూశాడు. చాలాసేపు లేవలేదు. ఆ ఏడు ఎండలు ఎక్కువై లోయలోని పాత మంచు బాగా కరిగింది. కరిగిన చోట, రాతి మరుగున, ఏదో ఎర్రగా కనిపిస్తోంది.

"ఇంక కిందికి పోదాం" అన్నాడు లేచి. "తాళ్ళతో దిగేవాళ్ళు రావాలి."

కొండ మీద ఆపదలో ఉన్నవాళ్ళను తెచ్చే దళం వచ్చి, మంచులో దొరికిన ఆ ఇద్దరినీ కిందికి చేర్చింది. ఇద్దరూ ఒకేచోట ఉన్నారట. పెద్దమనిషికి కాలు విరిగింది. షాపక్క భర్తకు పెద్ద దెబ్బలేమీ లేవు. అంటే పడలేదు, దిగాడు. దిగి, పెద్దమనిషిని పైకి తేలేక, అక్కడే ఉండిపోయాడు. పెద్దమనిషి ఒంటి మీద ఎర్ర జాకెట్ పైన, భుజాల మీదుగా కప్పి, ఇంకో జాకెట్ ఉంది. చేతులకు రెండు జతల గ్లవుజులున్నాయి. ఈయన ఒంటి మీద చొక్కా, స్వెటరు.

ఆ పై జాకెట్‌ను అత్తగారి ముందు పెట్టారు. ఆవిడ మోచేతి దగ్గర అతుకును వేలితో తడిమింది. "కుట్టు నాదే" అంది.

అమ్మాయి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "మా నాన్న వల్లే కదమ్మమ్మా" అంది. అమ్మమ్మ అని ఎందుకు పిలిచిందో ఆ పిల్లకే తెలియదు.

"చలేస్తుంటే ఇచ్చాడు" అంది ముసలావిడ. "ఇంట్లో దుప్పటి సగం ఇవ్వరా అంటే ఏనాడూ ఇచ్చింది లేదు వెధవ." నవ్వబోయింది. ఆ నవ్వే ఏడుపైపోయింది. మూడేళ్ళుగా దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. షాపక్క కూడా గోడకు ఆనుకుని, అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చింది. అలా ఏడవడానికి ఇన్నాళ్ళకు వీలు దొరికింది.

వెళ్ళేముందు అమ్మాయి తాబేలు మామను అడిగింది. "మీకు ఏమీ వినపడలేదా మామయ్యా?"

"నాకు కుడి చెవి పనిచెయ్యదమ్మా."

"ఎడమ చెవి?"

"దాన్నిండా మీ విజిలే" అన్నాడు, కొండవైపు చూడకుండా.

కొట్టులో ఆ తర్వాత షాపక్కకు భుజం వెనక మాటలు వినపడలేదు. మొదట్లో కస్టమరు కాలు చాపినప్పుడల్లా కాసేపు ఆగేది. తర్వాత ఆగడం మానేసింది. అన్నీ తనే చెప్పేది, మామూలు గొంతుతో. పై కనుమ అన్నవాళ్ళకు మాత్రం పొగమంచు సంగతి రెండుసార్లు చెప్పేది. కొందరు నవ్వేవాళ్ళు. వాళ్ళకు మూడోసారి కూడా చెప్పేది.

చలికాలం రాకముందే ఊరివాళ్ళు కలిసి బల్లపరుపు మీద, ఆ అంచు పొడుగునా, ఇనుప గుంజలు పాతి తాడు కట్టారు. తాడు షాపక్క కొట్టులోదే, ఉన్నవాటిలో గట్టిది. ముడులు తాబేలు మామ వేశాడు. బరువు వేలాడదీసినా జారని ముడులు.

మంచు కరిగి దారి తెరుచుకున్నాక, ఇంకా ఎవరూ ఎక్కకముందే, అవి ఎలా ఉన్నాయో చూడడానికి ఇద్దరూ వెళ్ళారు. ఎండ కాస్తోంది, గాలి కూడా లేదు. గుంజలు వేటికవే నిటారుగా ఉన్నాయి. వాటి మధ్య తాడు లేదు. తెగలేదు, కుళ్ళలేదు. ముడులన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కొక్క గుంజ మొదట్లో తాడు గుండ్రంగా, నీటుగా చుట్టి పెట్టి ఉంది.

"గాలి" అన్నాడు తాబేలు మామ.

షాపక్క ఆయన మొహం చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఇద్దరూ లోయకు వీపు పెట్టి కూర్చుని, తాడు విప్పి, మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టారు.